నానమ్మ గ్లాసు, నాన్న తెచ్చిన ప్యాకెట్

హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. గుర్తు పట్టే వివరాలు తీసేసి విషయం వరకు ఇక్కడ చెబుతాను.

ఆమెకు 33 ఏళ్లు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు. నాలుగున్నరేళ్ల బాబు. రెండేళ్ల కిందట మామ చనిపోయాక అత్తమ్మ వీళ్ల దగ్గరికి వచ్చేశారు. బాబును బడి నుంచి తీసుకొచ్చేదీ, తినిపించేదీ, పడుకోబెట్టేదీ ఆమే. "అత్తమ్మ లేకపోతే నా ఉద్యోగం లేదు, ఆ మాట ఒప్పుకుంటాను" అని మొదటి పేజీలోనే రాశారు.

గొడవంతా జ్యూస్ గురించి. బాబు బడి నుంచి రాగానే అత్తమ్మ ఒక గ్లాసు బత్తాయి రసం తీసి, రెండు చెంచాల చక్కెర కలిపి ఇస్తారు. బడి బాక్సులో ఒక చిన్న మామిడి జ్యూస్ ప్యాకెట్ ఉంటుంది. సాయంత్రం ఆడుకుని వచ్చాక ఇంకొకటి. రాత్రి అన్నం తిననని మొండికేస్తే, లీటరు డబ్బాలోంచి సిప్పర్ బాటిల్‌లోకి పోసి ఇస్తారు. అది తాగుతూనే నిద్రపోతాడు. ఆదివారం నాన్న ఫోన్‌లో ఆర్డర్ పెట్టి స్మూతీ తెప్పిస్తాడు. బాబు కంచం ముందు కూర్చుంటే రెండు ముద్దలే. నెల కిందట పళ్ల డాక్టరు చూసి, దవడ పళ్లు నాలుగు పుచ్చాయని, ఒకదానికి లోపలి దాకా శుభ్రం చేసి క్యాప్ వేయాలని చెప్పారట.

అంతకుముందు ఎండాకాలంలో బాబుకు విరేచనాలైతే, వాళ్లాయన మెడికల్ షాపు నుంచి ఓఆర్ఎస్ అని రాసి ఉన్న యాపిల్ రుచి ప్యాకెట్లు తెచ్చాడు. బాబు ఇష్టంగా తాగాడు, విరేచనాలు మాత్రం ఎక్కువయ్యాయి. రెండు రోజులకు ఆసుపత్రిలో చేర్చి సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది.

ఇంట్లోనే మంచి రసం తీద్దామని ఆమె 18 వేలు పెట్టి, వాయిదాల మీద కోల్డ్ ప్రెస్ జ్యూసర్ కొన్నారు. అత్తమ్మ దాన్ని ఒక్కసారి చూసి, "మిషన్ల తీసిన రసానికి రుచుండదు బిడ్డా" అని పక్కన పెట్టేశారు. పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చిన రాత్రి ఈమె నోరు జారారు. "ప్రేమ పేరుతో మీరు వాడికి విషం పోస్తున్నారు" అన్నారు. ఆ రోజు నుంచి అత్తమ్మ పనులన్నీ చేస్తున్నారు గానీ కలిసి భోంచేయడం లేదు. దసరా అయ్యాక మిర్యాలగూడలో కూతురి దగ్గరికి వెళ్లిపోతానని బ్యాగు సర్దుకున్నారు. అత్తమ్మకూ పదకొండేళ్లుగా షుగర్. బాబు వదిలేసిన రసం ఆమే తాగేస్తారు. అడిగితే, "నేను చక్కెర ఏసుకుంటలేను గదా, కండ్లు తిరిగినప్పుడు ఇదే నన్ను నిలబెడ్తది" అంటారు.

ఉత్తరం చివర మూడు ప్రశ్నలు ఉన్నాయి. జ్యూస్ మంచిదా చెడ్డదా, ఒక్క మాటలో చెప్పండి. నేను ఎక్కువ చేస్తున్నానా? అత్తమ్మను నొప్పించకుండా దీన్ని ఆపే దారి ఉందా?

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రెండోసారి చదివేటప్పుడు కాగితం మీద ఒక లెక్క వేశాను. ముందు అది చెబుతాను, ఎందుకంటే మీ కోపం వెళ్లాల్సిన చోటికి వెళ్లలేదని ఆ లెక్కలోనే తెలిసింది.

మీడియం సైజు బత్తాయిలు మూడు పిండితే ఒక గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్ల రసం. పండులోని తీపి సుమారు 16 గ్రాములు, అత్తమ్మ వేసే రెండు చెంచాల చక్కెర ఇంకో 8, 10 గ్రాములు. మొత్తం 25 అనుకుందాం. మామిడి ప్యాకెట్ల వెనక చూడండి, 100 మిల్లీలీటర్లకు 12 నుంచి 15 గ్రాముల చక్కెర ఉన్నట్టు చాలావాటి మీద రాసి ఉంటుంది. చిన్న ప్యాకెట్ ఒకటికి 20 గ్రాములు వేసుకున్నా, బడిలో ఒకటి, సాయంత్రం ఒకటి కలిపి 40. రాత్రి బాటిల్‌లో ఇంకో 20. రోజు మొత్తానికి 85 గ్రాములు. ఆదివారం స్మూతీ ఇందులో కలపలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఏమిటంటే, విడిగా కలిపిన చక్కెర, తేనె, పళ్ల రసంలోని తీపి, ఇవన్నీ కలిపి రోజు శక్తిలో పదో వంతు దాటకూడదు. ఇరవయ్యో వంతుకు తగ్గిస్తే ఇంకా మంచిది. నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు రోజుకు కావాల్సిన శక్తి 1,360 కేలరీలని మన వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ లెక్క. అందులో పదో వంతంటే 34 గ్రాముల తీపి. మీ బాబు దానికి రెండున్నర రెట్లు తాగుతున్నాడు. ఆ 85 గ్రాములు 340 కేలరీలు. వాడికి రోజుకు కావాల్సిన దాంట్లో పావు వంతు ద్రవంగా కడుపులోకి వెళ్తోంది. ఇంక రెండు ముద్దలకే నిండిపోవడంలో ఆశ్చర్యమేముంది? వాడిది మొండితనం కాదు. ఆకలి లేని పిల్లవాడికి అన్నం పెడుతున్నారు.

ఇప్పుడు ఆ 85ను విడదీసి చూడండి. అత్తమ్మ పిండిన గ్లాసులో 25. ప్యాకెట్లలో, డబ్బాలో 60. ఆ ప్యాకెట్లు ఇంట్లోకి ఎలా వస్తున్నాయో మీరే రెండో పేజీలో ఒక పక్కకు రాశారు: "మావారు నెల సామాన్లతో పాటు ఆఫర్‌లో కార్టన్ తెప్పిస్తారు". యాప్‌లో ఆర్డర్ పెట్టడం అత్తమ్మకు రాదని కూడా మీరే రాశారు. బడి బాక్సు సర్దేది మీరు. మెడికల్ షాపు నుంచి ఆ యాపిల్ ప్యాకెట్లు తెచ్చింది మీ ఆయన. స్మూతీ తెప్పించేదీ ఆయనే. నాలుగు పేజీల్లో ఆయన చేసినవి ఇన్ని ఉంటే, ఒక్క కఠినమైన మాట కూడా ఆయన మీద పడలేదు. "విషం" అన్న మాట పడింది మాత్రం పళ్లు కోసి, గింజలు తీసి, చేత్తో పిండిన మనిషి మీద.

మిమ్మల్ని దోషిగా నిలబెట్టాలని కాదు. బిడ్డ నోట్లో నాలుగు పళ్లు పుచ్చాయని విన్న రాత్రి ఏ తల్లికైనా మాట అదుపులో ఉండదు. అలాంటప్పుడు కోపం దగ్గర్లో ఉన్న మనిషి మీద, తిరిగి కసరదని తెలిసిన మనిషి మీద పడుతుంది. మీ ఇంట్లో ఆ మనిషి అత్తమ్మ.

ఇంకో వాక్యం ఉంది మీ ఉత్తరంలో. గొడవకు సంబంధం లేదనుకుని రాసినట్టున్నారు. అత్తమ్మ వాళ్లకు నల్గొండ వైపు బత్తాయి తోట ఉండేదని, బోర్లు ఎండిపోయి చెట్లు తీసేశారని, మామ చివరి మూడు నెలల్లో ఆయన గొంతు దిగింది ఆమె చెంచాతో పోసిన బత్తాయి రసమేనని. నాకు ఉత్తరమంతటికీ అదే తాళంచెవి అనిపించింది. మన ఇళ్లల్లో జ్వరం వస్తే బత్తాయి, ఆసుపత్రికి చూడబోతే బత్తాయి, బాలింతకు బత్తాయి. నల్గొండ వాళ్లకైతే అది పంట, అప్పు, పెళ్లిఖర్చు, అన్నీ. తోట పోయింది, భర్త పోయాడు, ఊరు వదిలి మీ అపార్టుమెంటుకు వచ్చారు. ఆమెకు చేతనైనదీ, ఆమెదీ అని మిగిలింది మధ్యాహ్నం మూడింటికి ఆ గ్లాసు ఒక్కటే. దాన్ని మీరు విషమన్నారు. జ్యూసర్ కొన్నప్పుడు ఆమె ఎందుకు ముఖం తిప్పుకున్నారో కూడా ఇక్కడే తెలుస్తుంది. ఆ మిషన్ ఆమె చేతికి బదులుగా వచ్చింది.

ఇక మీ మొదటి ప్రశ్న. మంచిదా చెడ్డదా అని ఒక్క మాటలో చెప్పలేను, ఎందుకంటే మీ ఇంట్లో జ్యూస్ అనే పేరుతో నాలుగు వేరువేరు వస్తువులు తిరుగుతున్నాయి.

మొదటిది ప్యాకెట్. ఈ మామిడి డ్రింకుల్లో ఎక్కువగా వాడేది మన చిత్తూరు వైపు తోతాపురి గుజ్జు. గుజ్జులో తప్పేమీ లేదు. కానీ మన ఆహార నిబంధనల ప్రకారం ఫ్రూట్ డ్రింక్ అనిపించుకోవడానికి పది శాతం పండు ఉంటే చాలు, నిమ్మ అయితే ఐదు శాతమే. మిగిలింది నీళ్లు, చక్కెర, పులుపు, వాసన. ప్యాకెట్ మీద పదార్థాలను ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదానికి వరసగా రాయాలి. నీళ్ల తర్వాత చక్కెర, ఆ తర్వాతే మామిడి గుజ్జు కనిపిస్తే మీరు కొంటున్నదేమిటో తెలిసినట్టే. "100 శాతం జ్యూస్" అన్న మాటనూ నమ్మి వదిలేయకండి. రసాన్ని చిక్కబరిచి, మళ్లీ నీళ్లు కలిపి తయారుచేసిన వాటి మీద ఆ మాట తీసేయమని 2024 జూన్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, అంటే ఆహార నిబంధనలు పెట్టే ప్రభుత్వ సంస్థ, కంపెనీలను ఆదేశించింది. చక్కెర కలపలేదని రాసినదానిలో పండు తీపి అలాగే ఉంటుంది. ఈ ప్యాకెట్లలో బాబుకు అవసరమైనది ఏదీ లేదు, కాబట్టి వీటి విషయంలో నేను మొహమాటపడను.

రెండోది అత్తమ్మ రసం. ఇది ప్యాకెట్ కంటే చాలా నయం. సి విటమిన్ ఉంటుంది, భోజనంతో తీసుకుంటే పప్పులో, ఆకుకూరలో ఉన్న ఇనుము ఒంటికి పట్టడానికి సాయం చేస్తుంది. కానీ పిండగానే పీచు పిప్పిలో పోతుంది. మూడు బత్తాయిలు తొనలుగా తినమంటే మీ బాబు ఒకటిన్నర దగ్గరే ఆగిపోతాడు. రసంగా అయితే మూడూ ఒక్క నిమిషంలో దిగిపోతాయి. తేడా అంతా అక్కడే ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు కూడా రసం కన్నా పండు మేలంటాయి. మన పిల్లల డాక్టర్ల సంఘం ఐఏపీ 2019లో చెప్పిన కొలత ప్రకారం రెండేళ్ల లోపు పిల్లలకు జ్యూస్ వద్దు, రెండు నుంచి ఐదేళ్ల దాకా రోజుకు 125 మిల్లీలీటర్లు దాటొద్దు, అదీ తాజాగా తీసినదైతే మంచిది. అంటే అత్తమ్మ గ్లాసులో సగం కంటే కాస్త ఎక్కువ. సున్నా అనలేదు చూడండి. ఆమె గ్లాసుకు చోటు ఉంది.

మూడోది స్మూతీ. మిక్సీలో పండు మొత్తం పడుతుంది కాబట్టి పీచు ఉంటుంది, ఆ మాట నిజమే. కానీ బయట నుంచి వచ్చే పెద్ద గ్లాసులో రెండు అరటిపళ్లు, ఖర్జూరం, తేనె, తీపి పెరుగు అన్నీ కలిసి ఉంటాయి. పెద్దవాళ్లకు అది ఒక పూట భోజనం. పిల్లవాడికి భోజనం పైన ఇస్తే భోజనం పోతుంది. మీ ఆయనకు ఇష్టమైతే ఇంట్లో అరటిపండు, పెరుగు వేసి చేయమనండి, తేనె లేకుండా. బాబుకు చిన్న గిన్నెలో పోసి చెంచాతో తినిపించండి.

నాలుగోది మీ జ్యూసర్. ఉన్న మాట చెప్పాలంటే అది అత్తమ్మ రసం కంటే గొప్ప రసమేమీ ఇవ్వదు. పిప్పి ఇందులోనూ బయటికే పోతుంది. పైగా ఇంత ఖర్చు పెట్టాం కదా అని రోజూ తీయాలనిపిస్తుంది, క్యారెట్, యాపిల్, బీట్‌రూట్ అంటూ గ్లాసులు పెరుగుతాయి. వాయిదాలు ఇంకా మిగిలి ఉన్నా సరే, బాబు పేరు మీద దాన్ని వాడకండి. సొరకాయ రసం లాంటివి అందులో తీయాలనుకుంటే ముందు ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదుగా ఉంటే పారేయండి. చేదు సొరకాయ రసం తాగి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లు, పోగొట్టుకున్నవాళ్లు మన దేశంలో ఉన్నారు.

ఎండాకాలం నాటి విరేచనాల సంగతి మీరు రెండు వాక్యాల్లో తేల్చేశారు, నాకు మాత్రం అది పంటి కంటే పెద్దది. అసలైన ఓఆర్ఎస్ లీటరు నీళ్లలో గ్లూకోజ్ 13.5 గ్రాములే. దాంతో పాటు ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9 గ్రాములు. ఆ పాళ్లలో ఉంటేనే పేగు నీటిని లోపలికి లాక్కుంటుంది. చక్కెర అంతకు ఎన్నో రెట్లుంటే, నీళ్లు ఒంట్లోంచి పేగులోకి వచ్చి విరేచనాలు ఇంకా పెరుగుతాయి. మీ బాబుకు జరిగింది అదే అయి ఉండవచ్చు. ఆ పేరు పెట్టుకుని తీపి డ్రింకులు అమ్మడం మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఎనిమిదేళ్ల పాటు పోరాడారు, కోర్టుకు వెళ్లారు. 2025 అక్టోబర్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ సూత్రం పాటించని ఏ డ్రింకు మీదా ఓఆర్ఎస్ అన్న మాట ఉండకూడదని ఆదేశించింది. మీ ఆయన మోసపోయారు, ఆయనతో పాటు ఎందరో తల్లిదండ్రులు మోసపోయారు. ఇక ముందు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్న పొడి ప్యాకెట్లు నాలుగు ఇంట్లో ఉంచుకోండి. పొట్లం మీద చెప్పినన్ని నీళ్లలోనే మొత్తం కలపండి. సగం పొడి సగం గ్లాసులో అని అందాజా వద్దు.

పళ్ల విషయానికి వద్దాం. ఎంత తీపి అన్నది ఒక సంగతైతే, ఎన్నిసార్లు, ఎంతసేపు అన్నది దానికంటే ముఖ్యం. తీపి తగిలిన ప్రతిసారీ నోట్లో పులుపు పుట్టి పన్ను పైపొర కొంత మెత్తబడుతుంది. తర్వాత లాలాజలం దాన్ని సరిచేస్తుంది. గంటకోసారి గుటక వేస్తుంటే సరిచేసే వ్యవధి దొరకదు. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది కాబట్టి రాత్రి బాటిల్ అన్నింటి కంటే చెడ్డది. ఆ బాటిల్ ఒక్కటి ఆపినా మీరు సగం గెలిచినట్టే. పాల పళ్లే కదా, ఊడిపోతాయి కదా అని ఎవరైనా అంటే వినకండి. దవడ పాల పళ్లు పది, పన్నెండేళ్ల దాకా ఉండాలి. అవి ముందే పోతే వచ్చే పళ్లకు చోటు తప్పుతుంది. డాక్టరు చెప్పిన చికిత్స వాయిదా వేయకండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు. నాకు నచ్చిన దారి ఉంది, కానీ మీ ఇల్లు మీకు తెలిసినంత నాకు తెలియదు.

రేపటి నుంచి ఇంట్లో జ్యూస్ అన్నదే బంద్ అనొచ్చు. పంటికి అది అన్నింటికంటే త్వరగా పనిచేస్తుంది. కానీ పగలంతా ఇంట్లో ఉండేది అత్తమ్మ, బాబు. ఆమె మనసు ఇప్పటికే విరిగి ఉంది. మీరు వెళ్లగానే చాటుగా ఒక గ్లాసు నడుస్తుంది, "అమ్మకు చెప్పకు" అన్న మాట పుడుతుంది. నాలుగున్నరేళ్లకే పిల్లవాడు దాచడం నేర్చుకుంటాడు. ఈ దారి పళ్లను కాపాడి ఇంటిని ఇంకొంచెం చీల్చే దారి.

అత్తమ్మను దసరా తర్వాత వెళ్లనివ్వడం ఇంకో దారి. అందులో తప్పేమీ లేదు, కూతురి దగ్గర రెండు వారాలు ఉంటే ఆమెకూ ఊపిరి ఆడుతుంది. కానీ వెళ్లేటప్పుడు తిరుగు టికెట్ మాట మీ ఆయన నోటి నుంచి రావాలి. "ఫలానా తారీఖున నేనొచ్చి తీసుకొస్తా అమ్మా" అని. ఆ మాట లేకుండా పంపితే అది చుట్టపుచూపు అవదు, సాగనంపినట్టే అవుతుంది. ఆమె రాకపోతే బాబు డేకేర్‌కు వెళ్లాలి. అక్కడ ప్యాకెట్లు ఉండవని నేను హామీ ఇవ్వలేను.

ఏమీ అనకుండా, ప్యాకెట్లు మాత్రం కొనడం మానేసి, మిగతాది కాలానికి వదిలేయొచ్చు. తప్పులేదు. రోజుకు 60 గ్రాములు దానంతటదే పోతుంది. అయితే ప్యాకెట్ దొరకని బాబు రెండో గ్లాసు బత్తాయి అడుగుతాడు, అత్తమ్మ కాదనలేరు. పైగా ఆ "విషం" మాట గాయం మానకుండా లోపలే ఉండిపోతుంది.

నేనైతే ఇలా చేస్తాను. మొదట క్షమాపణ. జ్యూస్ ప్రసక్తి లేని క్షమాపణ. "అత్తమ్మా, ఆ రాత్రి నేను ఆ మాట అనాల్సింది కాదు. మామకు మీరు చెంచాతో పోసింది నేను చూసినదాన్ని. నాది తప్పు." అంతే. దాని వెనక "కానీ" పెట్టకండి, అదే రోజు పళ్ల మాట ఎత్తకండి. ఆమె వెంటనే కరగకపోవచ్చు, "సరేలే" అని లేచి వెళ్లిపోవచ్చు. మూడు నాలుగు రోజులు అలాగే వదిలేయండి.

ఆ లోపు మీ ఆయనతో మాట్లాడండి. కార్టన్ ఆర్డర్ ఆపాల్సింది ఆయన. ఉన్న ప్యాకెట్లు ఇంట్లోంచి తీసేయాల్సింది ఆయన. "నేనే తెచ్చా, నాదే పొరపాటు, ఇక తేను" అని తల్లి ముందు చెప్పాల్సిందీ ఆయనే. ఆ ఒక్క మాటతో అత్తమ్మ నెత్తి మీది నేరం సగం దిగిపోతుంది. కొడుకు నోరు విప్పకపోతే ఎన్నాళ్లైనా ఇది అత్తాకోడళ్ల తగాదాలాగే కనిపిస్తుంది.

తర్వాత పళ్ల డాక్టరు దగ్గరికి అత్తమ్మను కూడా తీసుకెళ్లండి. దీనిలో ఒక ప్రమాదం ఉంది. డాక్టరు ఆమెను చూసి "ఎందుకిస్తున్నారమ్మా" అని గద్దిస్తే, మీరిద్దరూ కలిసి ఆమెను బోనులో నిలబెట్టినట్టు అవుతుంది. అందుకే ముందు రోజు ఫోన్ చేసి చెప్పండి, బాబును చూసుకునేది ఆమేనని, ఏం చేయాలో ఆమెకే చెప్పమని. అప్పుడు రాత్రి పేస్టుతో తోమాక నీళ్లు తప్ప ఏదీ వద్దన్న మాటను అమలు చేసేది ఆమె అవుతారు.

ఆ తర్వాత మధ్యాహ్నం మూడింటి సమయం. దాన్ని తీసేయకండి. బత్తాయి తొక్క తీసి, తొనలు విడదీసి, పైపొర ఒలిచి, గింజ తీసి నోట్లో పెట్టే ఓపిక మీకూ నాకూ లేదు. ఆమెకు ఉంది. "అత్తమ్మా, వాడికి నమలడం నేర్పాలట, నేను పెడితే ఉమ్మేస్తున్నాడు, మీరు ఒలిచి పెడితే తింటాడేమో" అని అడగండి. ఇది ఉపాయం కాదు, నిజం. అలా ఒలుస్తున్నప్పుడు తోట కబుర్లు కూడా వస్తాయి, పిండేటప్పుడు అంత వ్యవధి ఉండదు. వారంలో రెండు మూడు రోజులు రసమే కావాలంటే చిన్న స్టీలు గ్లాసు, చక్కెర లేకుండా, భోజనం దగ్గరే. చక్కెర ఒక్కసారిగా మానిపిస్తే వాడు తిప్పికొడతాడు. రెండు చెంచాలను ఒకటిన్నర, ఒకటి, అర అని వారానికి కొంత చొప్పున తగ్గించమనండి. నాలుక అలవాటు పడుతుంది.

రాత్రి బాటిల్ మానిపించడం కష్టమే. మొదటి నాలుగైదు రాత్రులు ఏడుస్తాడు. బాటిల్‌లో రసానికి నీళ్లు పెంచుతూ వారం రోజుల్లో ఉత్తి నీళ్లకు రావచ్చు. లేదా ఒకేసారి మాన్పించి ఆ ఏడుపు భరించొచ్చు. మొదటిది నిదానం, రెండోది త్వరగా అయిపోతుంది గానీ అత్తమ్మ గుండె ఆగదు. ఆ నాలుగు రాత్రులు బాబును మీరు పడుకోబెట్టుకోండి.

దాహానికి మనకు వేరే దిక్కు లేకపోలేదు. పలచటి మజ్జిగలో చిటికెడు ఉప్పు, ఎండల్లో సబ్జా వేసిన నిమ్మనీళ్లు, పొద్దున రాగి జావ, ఏప్రిల్, మే నెలల్లో తాటి ముంజలు. శ్రీరామనవమి నాడు పానకం తాగనివ్వండి, పండుగ రోజు లెక్కలు వేయకండి. బడి బాక్సులో జామ ముక్కలు పెట్టండి. సి విటమిన్‌లో జామకాయ బత్తాయిని మించుతుంది, చవక కూడా.

అత్తమ్మ షుగర్ సంగతి వేరుగా చూడాలి. చక్కెర వేయకపోయినా రసం ఆమె షుగర్‌ను వేగంగా పెంచుతుంది, కాబట్టి బాబు వదిలేసింది తాగే అలవాటు మానాలి. బాబు గ్లాసు చిన్నదైతే మిగిలేది కూడా ఉండదు. కానీ కళ్లు తిరిగినప్పుడు ఇదే నిలబెడుతుందని ఆమె అన్నది కొట్టిపారేయకండి. మాత్రలు వేసుకునేవాళ్లకు షుగర్ 70 కంటే పడిపోతే వెంటనే ఇవ్వాల్సింది ఇదే, అర గ్లాసు పైచిలుకు పళ్ల రసం, లేదా మూడు చెంచాల చక్కెర కలిపిన నీళ్లు. పావుగంటకు మళ్లీ చూసి, ఇంకా తక్కువే ఉంటే మళ్లీ ఇవ్వాలి. అందుకని ఇంట్లో గ్లూకోమీటర్ పెట్టండి. కళ్లు తిరిగినప్పుడల్లా చూసి రాసి పెట్టండి. నిజంగానే పడిపోతుంటే ఆమె మాత్రల మోతాదు మార్చాల్సి ఉండొచ్చు, ఆ కాగితం ఆమె డాక్టరుకు చూపించండి. ఈ నెల రోజుల్లో ఆమె ఆరోగ్యం గురించి ఎవరైనా అడిగారా? అత్తమ్మ తాగేస్తున్నారన్న ఫిర్యాదు ఉత్తరంలో ఉంది గానీ, ఎందుకు కళ్లు తిరుగుతున్నాయన్న ప్రశ్న నాకు కనిపించలేదు.

మీరు ఎక్కువ చేస్తున్నారా అని అడిగారు. బాబు పళ్ల విషయంలో, తిండి విషయంలో మీ కంగారు న్యాయమైనదే, ఎవరు ఏమన్నా వెనక్కి తగ్గకండి. ఎక్కువైంది ఒక్క మాట, అది ఒక్క మనిషికే తగిలింది.

ఈ ఆదివారం పళ్లు కొనడానికి అత్తమ్మను రైతుబజారుకు తీసుకెళ్లండి. ఏ కాయ బరువు తూగుతుందో, ఏది పిప్పి కాయో చేతిలో పట్టుకుంటేనే ఆమెకు తెలిసిపోతుంది. బాబును ఆమె పక్కన నిలబెట్టి, కాయలు వాడి చేత ఏరించమని చెప్పండి. పంటికి క్యాప్ వేయించాక నాకు మళ్లీ రాయండి. ఆ సర్దిన బ్యాగు ఇంకా తలుపు దగ్గరే ఉందో లేదో కూడా రాయండి.